కుక్కరు చంకన పెట్టుకుని చక్రాల ఇంటి వేట

జూన్ నెలలో ఐదు రోజులు నేనూ, మా ఇంటి ఓనరు కామేశ్వరి ఆంటీ కలిసి ఇంగ్లండు దక్షిణం నుంచి వేల్స్ ఉత్తరం కొస దాకా వెళ్లి వచ్చాం. వెళ్లినవాళ్లు మామూలుగా కోటలు, కొండలు, సరస్సులు చూసి వస్తారు. మేం చూడడానికి వెళ్లింది పడకగదులు, వంటగదులు, మరుగుదొడ్లు. అన్నీ చక్రాల మీద ఉన్నవే. దారిలో ఒక సరస్సు అడ్డం వచ్చింది కాబట్టి దాన్నీ చూశాం. ఇలాంటి యాత్ర మీలో ఎవరూ చేసి ఉండరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

బేసింగ్‌స్టోక్

ముందు మేమెవరమో చెప్పాలి. నా పేరు నాగమణి, మాది ప్రొద్దుటూరు. మాస్టర్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక బేసింగ్‌స్టోక్‌లోని ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా చేరాను. కామేశ్వరి ఆంటీది పాలకొల్లు. ముప్పై ఏళ్లు ఇక్కడి ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి ఈ మధ్యే రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. కానీ ఆమె నాలుగు గదుల ఇల్లు ఏనాడూ ఖాళీగా లేదు. ఇరవై ఏళ్లుగా తెలుగు పిల్లలు ఎవరు ఈ ఊరికి చదువుకో, ఉద్యోగానికో వచ్చినా ముందు ఆమె ఇంట్లో దిగడం, తర్వాత కదలకపోవడం రివాజు. నేను చేరినప్పుడు నలుగురం ఉండేవాళ్లం. ఒకరికి లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది, ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. చివరికి నేను మిగిలాను.

ఒక ఆదివారం నేను అన్నంలో పప్పు కలుపుకుంటుంటే ఆంటీ ఒక పత్రిక నా ముందు పెట్టింది. అందులో పెద్ద ట్రైలరు బొమ్మ ఉంది. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారట. మామూలు కారవాన్ అనే చక్రాల ఇంటిని కారు వెనక తగిలించి లాగుతారు. ఇది అలా కాదు. దీని ముందు భాగం మేడలా పైకి లేచి, పికప్ ట్రక్కు వెనక తొట్టి మీదికి వచ్చి కూర్చుంటుంది. ఆ మేడ భాగంలో పడకగది, రెండు మెట్లు దిగితే మిగతా ఇల్లు. ఇలాంటిది ఒకటి కొని, ఇల్లు ఎవరైనా కుటుంబానికి అద్దెకిచ్చి, దేశమంతా తిరుగుతూ అందులోనే ఉంటానని ఆంటీ చెప్పింది.

చాలా బాగుందన్నాను. పప్పు కూడా చాలా బాగుందన్నాను. ఇల్లు అద్దెకిస్తే నేనెక్కడ ఉంటానన్నది మజ్జిగ దాకా వచ్చాక తట్టింది.

ఐదు రోజులు సెలవు పెట్టి తనతో రమ్మని ఆంటీయే అడిగింది. “ఒక్కదాన్నే చూస్తే అన్నీ బాగున్నట్టే కనపడతాయే. పక్కన వంక పెట్టేవాళ్లు ఒకళ్లుండాలి” అంది. వంకలు పెట్టడం నా ఉద్యోగం కాబట్టి ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నా లెక్క వేరే ఉంది. పత్రిక నేనూ తిరగేశాను. వెనకవైపు తలుపుతో వేరే చిన్న గది, అందులో ఒకదాని మీద ఒకటిగా బంకు మంచాలు ఉన్న లేఅవుట్లు ఉన్నాయి. ఆంటీ చేత అలాంటిది కొనిపిస్తే నా సమస్య కూడా చక్రాల మీద తీరిపోతుంది.

బయల్దేరేటప్పుడు ఆంటీ తన ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అది పట్టని వంటిల్లు తనకు అక్కర్లేదంది. నేను డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు ఫెయిలయినదాన్ని. కాబట్టి కారు ఆమె నడిపింది, దారి, కుక్కరు నేను చూసుకున్నాను.

ఈవ్‌షామ్ దగ్గర యార్డు

ఈవ్‌షామ్ చుట్టుపక్కల అంతా ఆస్పరాగస్ అనే లేత కాడల కూర తోటలు. రోడ్డు పక్కన ఒక బల్ల, దాని మీద ఆస్పరాగస్ కట్టలు, పక్కన రేకు డబ్బా. కట్ట మూడు పౌండ్లని చీటీ అంటించి ఉంది. మనిషి మాత్రం లేడు. మా ఊళ్లో అయితే డబ్బాకు కాపలా ఒకరు, ఆ కాపలా మనిషికి కాపలా ఇంకొకరు ఉంటారు. ఆంటీ రెండు కట్టలు తీసుకుని డబ్బులు డబ్బాలో వేసి, చప్పుడు సరిగ్గా వచ్చిందో లేదోనని డబ్బా ఊపి చూసింది.

యార్డులో డంకన్ అనే సేల్స్‌మన్ మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఆరడుగుల పైన మనిషి, టై మీద చిన్న చిన్న కారవాన్ల బొమ్మలు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పుస్తకం తెరిచి మొదట అడిగిన ప్రశ్న ఒకటే: ఎంతమంది పడుకుంటారు? ఈ వ్యాపారంలో అన్నీ ఆ ప్రశ్న తర్వాతేనట. ధర, బరువు, రంగు అన్నీ.

ఆంటీ చాలాసేపు టీ కప్పులోకి చూసింది. ముప్పై ఏళ్లు రోజుకు వందల రక్తపరీక్షలకు ఫలితం చెప్పిన మనిషి, దీనికి మాత్రం చూద్దామంది. నేను మటుకు తడుముకోకుండా ఇద్దరు అన్నాను. డంకన్ రెండు అని రాసుకున్నాడు.

తర్వాత మూడు గంటలు ఒక్కో ట్రైలరు ఎక్కి దిగాం. కొన్నిటికి వెనక హాలు, మధ్యలో వంటిల్లు. కొన్నిటికి మధ్యలో హాలు, వెనక పిల్లల గది. డంకన్ ఒక మీట నొక్కగానే సోఫాతో సహా గోడ మొత్తం బయటికి జరిగిపోయింది, సందులా ఉన్నది గదిలా అయింది. దాన్ని స్లైడ్ అంటారు. ఆగినప్పుడు బయటికి తోయాలి, బయల్దేరేటప్పుడు లోపలికి లాక్కోవాలి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆంటీ ఆ జరిగిన గోడ అంచున వేలు పెట్టి రబ్బరు ఎంత మందంగా ఉందో చూస్తోంది.

ఆమె పరీక్ష పద్ధతి డంకన్‌కు కొత్త. ప్రతి మంచం మీదా చెప్పులు విడిచి పడుకుని, ఎడమ పక్క, కుడి పక్క తిరిగి చూసింది. మరుగుదొడ్లోకి వెళ్లి తలుపు మూసి గడియ పెట్టుకుంది. ఐదు నిమిషాలైనా రాలేదు. బయట నేనూ డంకనూ వాన గురించి, ఎండ గురించి, మళ్లీ వాన గురించి మాట్లాడుకున్నాం. ఆమె బయటికి వచ్చి, మోకాళ్లు తలుపుకు తగులుతున్నాయని చెప్పింది. ఇన్నేళ్లలో ఆ తలుపు మూసి చూసినవాళ్లు ఎవరూ లేరని డంకన్ ఒప్పుకున్నాడు. పై పడకగదిలో అతను నడుం వంచుకుని నిలబడాల్సి వచ్చింది. ఆంటీది ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. హాయిగా నిలబడి, జీవితంలో మొదటిసారి ఎత్తు తక్కువ కలిసొచ్చిందంది.

చివరికి కుక్కరు. పొయ్యి మీద పెడితే పైన పొగగొట్టం మరీ కిందికి ఉండి విజిల్ దానికి తగిలింది. రెండో దాంట్లో కుక్కరు పెడితే పక్కన మూకుడికి చోటు లేదు. ఈ వస్తువు ఏమిటని డంకన్ అడిగాడు. ఆంటీ మూత తీసి, రబ్బరు చూపించి, మూడు విజిళ్లకు పప్పు, నాలుగింటికి శనగలు అని వివరించింది. అతను బాయిలరు గురించి వింటున్నంత శ్రద్ధగా విని, తన పుస్తకంలో దాని ఎత్తు రాసుకున్నాడు.

లడ్లో

డంకన్ దగ్గర కొన్న ఒక జంట లడ్లో దగ్గర కారవాన్లు నిలుపుకునే సైటులో ఉంటున్నారని, నాలుగేళ్లుగా వాళ్లకు అదే ఇల్లని చెప్పి అతనే ఫోన్ చేసి పెట్టాడు. పేర్లు పాలీన్, కీత్. కీత్ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. మేం వెళ్లేసరికి అతను మరుగుదొడ్డి డబ్బాను సూట్‌కేసులా లాక్కుంటూ ఖాళీ చేయడానికి పోతున్నాడు. దానికీ చక్రాలు, పిడి ఉంటాయి. ఎదురొచ్చినవాళ్లందరి దగ్గరా ఆగి, డబ్బా పక్కన నిలబెట్టి, తీరిగ్గా పలకరిస్తున్నాడు.

ఈ దేశంలో ఎన్నేళ్లున్నా నాకు అర్థం కానిది ఒకటుంది. మనవాళ్లు కొత్తవాళ్లను జీతమెంత అని మొదటి నిమిషంలో అడుగుతారు, పడకగది మాత్రం చూపించరు. వీళ్లు పడకగది, దుప్పట్ల అర, షవరు అన్నీ తలుపులు తెరిచి చూపిస్తారు, ఎంతకు కొన్నారంటే మాత్రం ఎర్రబడిపోతారు. నేను అడిగాను. పాలీన్ ఎర్రబడి, కేకు ఇంకొంచెం తీసుకోమంది.

కేకుకు బదులుగా ఆంటీ పులిహోర డబ్బా తెరిచింది. కీత్ రెండోసారి పెట్టించుకున్నాడు. అందులోని ఎండుమిరపకాయను అలంకారం అనుకోలేదు పాపం, కూరగాయ అనుకున్నాడు. నమిలేశాడు. పాలీన్ పాల సీసా పట్టుకొచ్చింది. నీళ్లు నిండిన కళ్లతోనే చాలా రుచిగా ఉందని అతను అన్నాడు. ఈ మర్యాద ముందు నాకు తల దించుకోవాలనిపించింది.

వాళ్లది నేను కోరుకున్న లేఅవుటే. వెనక వేరే గది, నాలుగు బంకులు. ఉత్సాహంగా తలుపు తీశాను. కింది బంకు నిండా కీత్ ఇంట్లో కాచుకునే బీరు సీసాలు. పై బంకులో పాలీన్ కుట్టుపని బట్టల మూటలు. మనవలు వస్తారని నాలుగు మంచాలున్నది కొన్నామని పాలీన్ చెప్పింది. మనవలు రెండుసార్లు వచ్చారట. రెండోసారి వైఫై సరిగ్గా లేదని ఒక రోజు ముందే వెళ్లిపోయారట.

ఆమె ఇది బాధగా చెప్పలేదు. టీ కలుపుతూ, లేని మనుషుల కోసం నాలుగేళ్లుగా నాలుగు మంచాలు కొండలెక్కించి దించుతున్నామని, ఆ డీజిలుతో ఎన్నోసార్లు ఆ పిల్లల దగ్గరికే వెళ్లి రావచ్చని నవ్వింది. రోజూ ఎవరుంటారో ఆ లెక్కనే కొనమని ఆంటీకి చెప్పింది, పండగకు ఎవరొస్తారోనన్న లెక్కన కొనొద్దంది.

ఆ సాయంత్రం లడ్లో బజారులో ఫ్యాగట్స్ అనే మాంసం ఉండలు, నలిపిన బఠాణీలు తిన్నాం. ప్లేటు పదమూడు పౌండ్లు. బఠాణీలు అన్ని రుచులకూ దూరంగా ఉన్నాయి. ఆంటీ బ్యాగులోంచి కారప్పొడి తీసి చల్లింది. పాలీన్ మాటల గురించి ఏమనుకున్నారని అడిగాను. ఆమె ఇంకొంచెం కారప్పొడి చల్లుకుంది.

బాలా

మూడో రోజు వేల్స్‌లోకి వెళ్లాం. కొండలు, గొర్రెలు, చదవలేని బోర్డులు. బాలాలో ఒక కొట్టులో చిన్న పిల్లలు ఐస్‌క్రీము కోసం వాళ్లమ్మతో అక్కడి భాష వెల్ష్‌లో గొడవపడుతుంటే మేమిద్దరం కదలకుండా నిలబడి విన్నాం. బేసింగ్‌స్టోక్‌లో మన పిల్లలు, మనం తెలుగులో తిట్టినా ఇంగ్లీషులోనే జవాబిస్తారు. ఇక్కడ ఐస్‌క్రీము కూడా సొంత భాషలోనే దొరుకుతోందని ఆంటీ మెచ్చుకుంది.

సరస్సు పక్కన ఒక పొలంలో ఫిఫ్త్ వీల్ ఒకదాన్ని రాత్రికి ఇంతని అద్దెకిస్తారు. కొనే ముందు ఒక రోజు ఉండి చూద్దామని ముందే మాట్లాడి పెట్టుకున్నాం. రెండు గదుల లేఅవుటు వెతికి మరీ బుక్ చేసింది నేనే. మేం చేరేసరికి గాలి విరుచుకుపడుతోంది. గాలి తగ్గేదాకా స్లైడ్లు తీయొద్దని, తీస్తే దెబ్బతింటాయని పొలం యజమాని చెప్పి తాళాలిచ్చి వెళ్లిపోయాడు.

స్లైడ్లు లోపలే ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ మాకు చెప్పలేదు. సోఫా వచ్చి వంటగట్టును ఆనుకుని ఉంది. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. ఫ్రిజ్ తలుపు నాలుగు వేళ్ల వెడల్పే తెరుచుకుంటోంది. మరుగుదొడ్డి తలుపు సోఫా వెనక ఇరుక్కుంది. మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఏడు దాకా మేం ఆ సందులో ఒకరి వెనక ఒకరం, టికెట్టు కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డట్టు నిలబడ్డాం. ఫ్రిజ్ సందులోంచి చెయ్యి పెట్టి పెరుగు డబ్బా లాగబోయాను. అది ఒరిగి నా మోచేతి దాకా పెరుగైంది. మరుగుదొడ్డికి వానలో పొలం అవతలి షెడ్డుకు పరుగెత్తాల్సి వచ్చింది. మూడోసారి పరుగెత్తి వచ్చాక ఆంటీ తడిసిన చున్నీ పిండుతూ, ఏ లేఅవుటైనా గోడ లోపలున్నప్పుడు మంచం, ఫ్రిజ్, దొడ్డి మూడూ అందాలి, అందకపోతే అది ఇల్లు కాదు బీరువా అని తేల్చేసింది. కొనేవాళ్లు ఈ మాట రాసి పెట్టుకోండి.

ఏడింటికి గాలి తగ్గింది. మీట నొక్కాం, ఇల్లు విచ్చుకుంది. ఆస్పరాగస్ తరిగి కుక్కర్లో పప్పుతో వేసి, ఇంగువ పోపు పెట్టింది ఆంటీ. కిటికీలోంచి సరస్సు మీద ఇంకా బోలెడంత వెలుతురు. నాకు చాలా బాగుంది. వెనక గదిలో నా బ్యాగు సర్దుకున్నాను, తలగడ వేసుకున్నాను, ఛార్జరు పెట్టుకున్నాను. పై బంకుకు తల గట్టిగా కొట్టుకున్నా లెక్కచేయలేదు. ఆంటీ పైన, నేను వెనక, మధ్యలో పప్పు. ఇంతకన్నా ఏం కావాలని బయటికే అన్నాను. ఆంటీ గిన్నెలు కడుగుతూ ఊ కొట్టింది. ఆమె ఊ కొట్టే తీరు నాకు బాగా తెలుసు. అది అవునని కాదు.

డెన్‌బీ దగ్గర పాత ఎయిర్‌ఫీల్డు

నాలుగో రోజు ఆంటీకి లాగుడు పాఠం. యుద్ధకాలంలో విమానాలు దిగిన ఒక పాత రన్‌వే మీద ట్రైలర్లు నడపడం నేర్పిస్తారు. నేర్పే ఆవిడ పేరు శాన్. నలభై ఏళ్లుంటాయి, గొంతు మాత్రం రన్‌వే ఆ చివరికి వినపడుతుంది. పికప్ సీటు మీద రెండు దిండ్లు వేసి ఆంటీని కూర్చోబెట్టింది.

ముందుకు నడపడం ఆంటీకి గంటలో వచ్చేసింది. వెనక్కి రావడమే కష్టం. చెయ్యి స్టీరింగు కింది భాగంలో పెట్టుకుని, ట్రైలరు తోక ఎటు పోవాలో ఆ చెయ్యి అటు జరపమని శాన్ చెప్పింది. రెండు వరసల్లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వాటి మధ్యకి ట్రైలరును రప్పించాలి. వెనక నిలబడి దారి చెప్పే పని నాది.

ఆంటీ చక్కగా, తిన్నగా వస్తోంది. నాకు సంబరమైంది. ట్రైలరు పక్కన రెండు చరుపులు చరిచి, మా ప్రొద్దుటూరు బస్టాండులో కండక్టర్లు అరిచినట్టే “రైట్, రైట్” అని అరిచాను. పోనీ, పోనీ అని నా ఉద్దేశం. ఆంటీ ఇక్కడ ముప్పై ఏళ్లు బతికిన మనిషి. కుడికి తిప్పింది. నేను కంగారుపడి ఇంకా గట్టిగా రైట్ రైట్ అన్నాను. ఇంకా కుడికి తిప్పింది. ఆరు కోన్లు ట్రైలరు కిందికి వెళ్లిపోయాయి. శాన్ పరుగెత్తుకొచ్చి, ఎందుకు కుడికి తిప్పించావని అడిగింది. మా దేశంలో కుడి అంటే తిన్నగా అని చెప్పాల్సి వచ్చింది. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసి, కాసేపు విరామం ఇచ్చింది.

రన్‌వే చివర టీ బండి ఉంది. వెల్ష్ కేకులు, పెనం మీద కాల్చినవి, రెండు పౌండ్లకు మూడు. చక్కెర ఎక్కువైన మన గోధుమ బిస్కెట్ల లాగున్నాయి. బల్ల మీద కూర్చుని తింటూ, ఇక దాచుకోలేక అడిగేశాను.

“ఆంటీ, ఆ రెండు గదులదే తీసుకోండి. స్లైడ్ మంచిది చూసి తీసుకుందాం. శనాదివారాలు నేనొస్తా కదా.”

“వస్తావు. ముందు శనాదివారాలొస్తావు. తర్వాత సోమవారం కూడా ఇక్కణ్నుంచే లాప్‌టాప్ పెట్టుకుంటానంటావు. నాకు తెలీదా ఏంటి, నలభై మందిని చూశాను.”

“అంటే నేను రాగూడదా?”

ఆమె కేకు పక్కన పెట్టింది.

“చూడవే మణీ. ఇరవయ్యేళ్లుగా పొద్దున్నే లేచి, బాత్రూం ఖాళీగా ఉందో లేదో చూసుకుని వెళ్తున్నాను. నా బాత్రూమే అది. పప్పులో ఉప్పు కూడా ఎవడో ఒకడికి సరిపడా వేశాను గానీ నాకు సరిపడా వెయ్యలేదు. మీరెవళ్లూ చెడ్డోళ్లు కాదు. చెడ్డోళ్లయితే ఎప్పుడో పొమ్మందును.”

చదువుకునేటప్పుడు కడపలో హాస్టలు, తర్వాత బెంగళూరులో పీజీ, ఇక్కడికొచ్చాక ఆంటీ ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్లలో నా ఇంటి తాళం నేనే తీసుకుని లోపలికి వెళ్తే ఎవరూ లేకపోవడమన్నది నాకు ఒక్క రోజూ జరగలేదు. అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఆంటీ ఉంది కదా అనే నిశ్చింతగా పెట్టేస్తుంది. ఇదంతా చెప్పాలనుకుని, చివరికి ఒక్క ముక్కే చెప్పాను.

“నాకు భయంగా ఉంది ఆంటీ. ఒక్కదాన్నే యాడా ఉండలేదు.”

“నాక్కూడానే” అంది ఆమె వెంటనే. “నేను మటుకు ఎప్పుడున్నాను?”

తర్వాత ఆమె లేచి, ప్యాంటు మీది చక్కెర దులుపుకుని, ఈసారి నోరు మూసుకుని చేతులతోనే చూపించమని చెప్పి పికప్ ఎక్కింది. నోరు మూసుకుని చేతులతో చూపించాను. ఆంటీ ఒక్క కోను కూడా తాకకుండా వెనక్కి వచ్చి ఆపింది. శాన్ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నిజంగానే కొట్టాను గానీ, కళ్లలో నీళ్లు మాత్రం గాలి వల్లే అని శాన్‌కు చెప్పాను.

మళ్లీ ఈవ్‌షామ్

ఐదో రోజు తిరుగు దారిలో డంకన్ ఫోన్ చేశాడు. వాడిన ట్రైలరు ఒకటి ముందురోజే వచ్చిందట, మీరు చూడాలన్నాడు. వెళ్లాం. వంటిల్లు వెనక చివర ఉంది, గోడంతా కిటికీ. నిలబడి దోసె వేస్తుంటే వెనక ఏ ఊరు ఉంటే ఆ ఊరు కనపడుతుంది. స్లైడు లోపలికి లాగి చూపించమని ఆంటీ మొదటే అడిగింది. లాగినా ఫ్రిజ్ తెరుచుకుంది, మరుగుదొడ్డికి దారి ఉంది, మెట్లెక్కి మంచం చేరుకోవచ్చు. దొడ్డి తలుపు మూసి చూసింది, మోకాళ్లు తగల్లేదు. కుక్కరు పెట్టింది. పక్కన మూకుడు కూడా పట్టింది.

బంకులు లేవు. పైన ఒకే మంచం. వంక పెట్టడానికి నేను మూలమూలా వెతికాను. బీరువా తలుపు ఒకటి కిర్రుమంటోంది. అంతకు మించి దొరకలేదు.

డంకన్ పాత పేజీ తీసి, ఇద్దరికి ఇది సరిపోదేమోనన్నాడు. ఎంతమంది పడుకుంటారని మళ్లీ అడిగాడు.

“ఒక్కరు” అంది ఆంటీ.

అతను నా వైపు చూశాడు. మొదటి రోజు రెండు అన్నది నేనే కదా. ఇల్లు ఆమెది, ఆమె చెప్పిందే రాసుకోమన్నాను. అతను కొట్టేసి రాసుకున్నాడు. ఆ చిన్న గీత గీయడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. నాకు ఐదు రోజులు పట్టింది.

హాల్లో సోఫా ఉంది. లాగితే మంచమవుతుందని, అది ధరలోనే వస్తుందని డంకన్ చెప్పాడు. ఆంటీ దాన్ని తీసేయమంది. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వద్దంటున్నారని అతనికి నిజంగా బోధపడలేదు. మంచమయ్యే వస్తువు ఇంట్లో ఉంటే తెల్లారేసరికి దాని మీద ఎవరో ఒకరు ఉంటారని ఆంటీ వివరించింది. దాని చోట రెండు మంచి కుర్చీలు వేయించుకుంది.

తర్వాత

ఆగస్టులో ఆంటీ బయల్దేరింది. నేను రెడింగ్‌లో ఒక చిన్న ఫ్లాటు తీసుకున్నాను. మొదటి వారం ప్రతి గదిలో లైటు వేసి ఉంచాను. గదులు రెండే కాబట్టి కరెంటు బిల్లుకు పెద్ద దెబ్బ తగల్లేదు. రెండో వారం బాత్రూం తలుపు వేసుకోకుండా పాట పాడుతూ స్నానం చేశాను. ఇందులో ఏదో ఉందని మొదటిసారి అప్పుడనిపించింది.

సెప్టెంబరులో ఒక శనివారం, ఆంటీ డోర్సెట్‌లో స్వానిజ్ దగ్గర సముద్రం పక్కన సైటులో ఉంటే చూసి రావడానికి వెళ్లాను. చేపల పులుసు వండింది. ఉప్పు నా నోటికి కాస్త ఎక్కువే. ఆమె మాత్రం ఇష్టంగా తింది. కుర్చీల్లో కూర్చుని కిటికీలోంచి పడవల్ని చూస్తూ చాలా కబుర్లు చెప్పుకున్నాం. టీ తాగాక నేను కాళ్లు పైకి ముడుచుకుని కుర్చీలో సర్దుకుంటుంటే ఆంటీ గోడ గడియారం వైపు చూసింది.

“అమ్మాయ్, ఐదింటికి బస్సుంది. ఇంక బయల్దేరు.”

ఆమె నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. చెప్పాక ఆమె కూడా ఒక్క క్షణం ఆగి, తను చెప్పింది సరిగ్గా వచ్చిందో లేదో విన్నట్టు నిలబడింది. నేను చెప్పులు వేసుకున్నాను. మిగిలిన పులుసు డబ్బాలో పోసిచ్చి, గేటు దాకా వచ్చి, బస్సు కోసం ఆగకుండా వెనక్కి తిరిగింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూశాను. ఆంటీ అప్పటికే స్టూలెక్కి, బయటి నుంచి వంటింటి కిటికీ అద్దం తుడుస్తోంది.